గుమ్మడికాయకు కత్తి పెట్టని నాయనమ్మ

నాయనమ్మ పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను గుంటూరులో ఒక ఆఫీసు మెట్ల మీద కూర్చుని, ఇంటర్వ్యూకి నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని ఎదురుచూస్తున్నాను. "అన్నం తిని నడుం వాల్చింది. టీ ఇద్దామని మీ అమ్మ లేపితే లేవలేదు," అన్నాడు. డిగ్రీ అయిన రెండేళ్ళలో నేను మూడు ఉద్యోగాలు మానేశాను. మానేసి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఎందుకని అడగని మనిషి మా ఇంట్లో ఆవిడ ఒక్కతే. "వచ్చావా, కాళ్ళు కడుక్కో," అనేది, సంతకు పోయి వచ్చిన మనిషితో అన్నట్టు.

నేను వెళ్ళేసరికి వాకిలి నిండా జనం. మా బాబాయికి ముగ్గురు పిల్లలు. అందరిలో చిన్నది చిట్టి, ఐదేళ్ళది. అది నాయనమ్మ తల దగ్గర కూర్చుని, వచ్చిన వాళ్ళందరికీ చెబుతోంది: "మా నాయనమ్మకి పామంటే భయం లేదు, ఉరుమంటే భయం లేదు. గుమ్మడికాయంటేనే భయం." ఏడుస్తున్న ఆడవాళ్ళు కూడా కొంగుల చాటున చిన్నగా నవ్వారు. చిట్టికి ఆ మాట నేర్పింది నేను. ఇది రాస్తున్నది అందుకే.

కిందటేడు అక్టోబరులో పిల్లల స్కూలు నుంచి ఒక కాగితం వచ్చింది. హాలోవీన్ అట. తాతయ్యలతో, నాయనమ్మలతో కలిసి ఇంట్లో ఉన్న వస్తువులతో ఏవైనా చేసి తేవాలట. బాబాయి పెద్దకూతురు లాస్యకి అప్పుడు పన్నెండు, కొడుకు బన్నుకి ఎనిమిది, చిట్టికి నాలుగు. నేను రెండో ఉద్యోగం వదిలేసి ఇంట్లో ఫోన్ చూసుకుంటూ పడున్న రోజులవి.

"ఏందే ఆ పండగ?" అని నాయనమ్మ నన్నడిగింది.

"దెయ్యాల పండగ నాయనమ్మా. పిల్లలు దెయ్యాల వేషాలేసుకుని వీధిలో తిరుగుతారు. ఇంటింటికీ పోతే చాక్లెట్లు పెడతారు."

"దెయ్యాలకి చాక్లెట్లు పెడతారా?" కాసేపు ఆలోచించింది. "మంచోళ్ళే పాపం."

మిరపకాయల కల్లంలో కూలికొచ్చిన వాళ్ళకి పని పంచినట్టే మాకూ పంచింది. ఎవరి వేళ్ళు ఎంతున్నాయో చూసి పని చెప్పేది. "చిన్నోళ్ళకి చిన్న పని చెప్పకూడదే. వాళ్ళు చెయ్యగలిగినదాంట్లో అన్నిటికన్నా పెద్ద పని చెప్పాలి. అప్పుడే కూర్చుంటారు," అనేది. తొలి ఏరుడు పత్తి అప్పుడే ఇంటికి వచ్చింది. గింజలు తీసి, దూది ఉండలు చుట్టడం చిట్టి పని. ఆ ఉండల మీద తాతయ్య పాత పంచె ముక్కలు కప్పి, మెడ దగ్గర దారం కట్టడం లాస్య పని. అవి దెయ్యాలు. కళ్ళు నాయనమ్మ కాటుకతో పెట్టింది. పెట్టి ఊరుకోకుండా ప్రతి దెయ్యానికీ కుంకుమ బొట్టు కూడా పెట్టింది.

"దెయ్యానికి బొట్టేంటి నాయనమ్మా," అని లాస్య తల పట్టుకుంది.

"స్కూలుకి పంపిస్తున్నాం. బోసి మొహాలతో ఎట్టా పంపిస్తామే?"

గబ్బిలాలు చిరిగిన గొడుగు గుడ్డతో చేసింది. సాలీళ్ళకి కుంకుడుకాయ ఒళ్ళు, ఎండు మిరప తొడిమలు కాళ్ళు. కాళ్ళు అతికించే పని బన్నుది. వాడు తొడిమ ముట్టుకోకముందే వాడి రెండు చేతులకీ కొబ్బరినూనె రాసింది. "నూనె లేకుండా ముట్టుకుంటే సాయంత్రం దాకా మండుద్ది. కంట్లో పెట్టుకుంటే ఇంకేమన్నా ఉందా," అంటూ ఒక్కో వేలూ విడదీసి సందుల్లో కూడా రాసింది. వాడు దర్జాగా చేతులు చాచి నిలబడ్డాడు. నాకూ ఏదో పని చెప్పబోయింది. నేను ఫోన్లోంచి తల ఎత్తకుండా, "ఇవన్నీ ఎవరూ దెయ్యాలనుకోరు నాయనమ్మా. గుమ్మడికాయ ఉండాలి, దానికి కళ్ళూ నోరూ కోసి లోపల దీపం పెట్టాలి. అది లేకపోతే హాలోవీనే కాదు," అన్నాను.

అంతే, పిల్లలకి గుమ్మడికాయ కావాల్సి వచ్చింది. ఉంది కూడా. పెరటి పాదుకి కాసిన మంచి గుమ్మడికాయ, అటక కింద గడ్డి మీద. నేనే తెచ్చి మధ్యలో పెట్టాను. కత్తి నాయనమ్మ చేతికిచ్చాను. ఆవిడ తీసుకోలేదు.

"తాతయ్య రానీ."

తాతయ్య చేనుకి మందు కొట్టించడానికి పోయాడు. ఎప్పుడొస్తాడో తెలియదు. నాకు సంగతి అర్థమైంది. ఆడవాళ్ళు నిండు గుమ్మడికాయకి కత్తి పెట్టకూడదనే ఆనవాయితీ మా వైపు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. మగవాడు మొదటి వేటు వేస్తే, తర్వాత ఎన్ని ముక్కలైనా ఆడవాళ్ళే కోసుకుంటారు. నాకు ఒళ్ళు మండింది. ఉద్యోగం లేదని నాలుగు వారాలుగా అందరి మాటలూ పడుతున్నాను. ఎదురు చెప్పడానికి ఒక మనిషి దొరికింది. ఎదురు మాట్లాడని మనిషి.

"ఏం, ఆడది కోస్తే గుమ్మడికాయ ఏడుస్తుందా? ఊళ్ళో అందరూ కోసుకుంటున్నారు. నువ్వొక్కదానివే ఇలా పట్టుకుని కూర్చున్నావు. వీళ్ళకి కూడా ఇదే నేర్పుతావా?"

"తాతయ్య వచ్చేస్తాడే. బుడ్డోడి చేత అయినా ఒక్క దెబ్బ వేయిద్దాం," అంది. బన్ను వైపు చూపించింది.

"ఎనిమిదేళ్ళ వాడు వెయ్యొచ్చు, ఇరవై రెండేళ్ళ నేను వెయ్యకూడదు. బాగుంది." పిల్లల వైపు తిరిగాను. "చూశారా, మన నాయనమ్మకి గుమ్మడికాయంటే భయం."

పిల్లలు పడీపడీ నవ్వారు. నేను కత్తి దించాను. కాయ గట్టిది, రెండు చేతులతో నొక్కితే గాని దిగలేదు. నాయనమ్మ లేచి పెరట్లోకి పోయింది. గిన్నెలు కడిగిన చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఏమీ జరగనట్టే కూర్చుని, లోపలి గుజ్జు తీసి, గింజలు చేటలో ఆరబోసింది. నేను కోసిన నోరు వంకరపోయింది. "బానే ఉంది. పన్ను నొప్పొచ్చిన మొహంలాగా ఉంది," అంది. పిల్లలు మళ్ళీ నవ్వారు.

ఆ రోజుతో అయిపోయి ఉంటే నేనూ మర్చిపోయేదాన్ని. అయిపోలేదు. గుమ్మడికాయ కూర అన్నప్పుడల్లా బన్ను "నాయనమ్మా పారిపో" అని అరిచేవాడు. మిరపకాయలు ఆరబోసేటప్పుడు చిట్టి వెనకనుంచి వచ్చి "గుమ్మడికాయ్" అని కేక పెట్టేది. ఆవిడ ఉలిక్కిపడ్డట్టు నటించేది. పిల్లల కోసం చేట వదిలేసి రెండడుగులు పరిగెత్తేది కూడా. నేను వరండాలో నిలబడి నవ్వేదాన్ని. ఆవిడ కళ్ళు మాత్రం నవ్వేవి కావని అప్పుడే గమనించాను. అందరి మొహాలూ చదవగలనని నాకు గొప్ప. ఆ మొహం చదివి కూడా, ముసలావిడకి పౌరుషం వచ్చిందనుకున్నాను.

పెద్దకర్మ రోజున కనిగిరి నాయనమ్మ, అంటే మా నాయనమ్మ చెల్లెలు, వంటల దగ్గర కూర్చుని ఉంది. గుమ్మడికాయ పులుసుకి కాయ తెచ్చారు. తాతయ్యని పిలిచి మొదటి వేటు వేయించారు. చిట్టి వచ్చి తన పాట మళ్ళీ పాడింది. కనిగిరి నాయనమ్మ నవ్వలేదు.

"ఎవరు చెప్పారే నీకు?"

"అక్క," అంది చిట్టి, నన్ను చూపించి.

ఆవిడ నన్ను దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించింది. "మీ నాన్నకన్నా ముందు ఒక పిల్లోడు పుట్టాడు దానికి. తొమ్మిదో నెలలో జొరమొచ్చి పోయాడు. గుమ్మడికాయ ఇంటికి పెద్దకొడుకుతో సమానం అంటారు కదా. అంతకు ముందు అదేం పట్టించుకునేది కాదు, అందరికన్నా ముందు తనే కోసేది. ఆ తర్వాతే మానేసింది. భయమేముందే. చెయ్యి రాలేదు, అంతే."

"నేను కోసిన సంగతి మీకు చెప్పిందా?" అని అడిగాను.

"ఆ రోజే ఫోన్లో చెప్పింది. మా పెద్దది గుమ్మడికాయ కోసింది, చెయ్యి తెగలేదు, అని."

అంతే చెప్పిందట.

ఆ ఆనవాయితీ మంచిదని నేనిప్పటికీ అనను. ఆడవాళ్ళ చేతికి ఏ కాయా, ఏ కత్తీ కాదనకూడదు. కానీ ఆ రోజు నేను ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్పేదో లేదో. కారణం నాకు ముందే తెలుసనుకున్నాను, చదువుకున్నాను కదా. మీ ఇంట్లోనూ ఏదో ఒక పని చెయ్యనని మొండికేసే పెద్దావిడ ఉంటే, నా మాట విని ఒకసారి మెల్లగా అడగండి.

మొన్న స్కూలు నుంచి మళ్ళీ కాగితం వచ్చింది. పిల్లలు ముగ్గురూ దూదీ దారమూ పట్టుకుని నా ముందు కూర్చున్నారు. ఏదీ మొదలుపెట్టకముందే చెప్పాను, ఉన్నదున్నట్టు. నాయనమ్మకి గుమ్మడికాయంటే భయం లేదని, నాన్నకన్నా ముందు పుట్టి పోయిన బాబు వల్లే చెయ్యి రాలేదని, నేను తెలియక అన్నానని, అది అబద్ధమని. లాస్య తల దించుకుంది. ఆ ఏడంతా ఆవిడ్ని ఉలిక్కిపడేలా చేసిన వాళ్ళలో తనూ ఉంది.

"మరి నువ్వు సారీ చెప్పావా?" అని చిట్టి అడిగింది.

"లేదు."

"ఎందుకు?"

"నాకు తెలిసేసరికి నాయనమ్మ లేదు."

బన్ను దారం వేలికి చుట్టుకున్నాడు. "ఆ బాబు ఎంత ఉండేవాడు?" అన్నాడు.

నాకు తెలియదు. మా నాన్నకీ తెలియదు. వాడు లేచి నేరుగా వరండాలోకి, తాతయ్య మంచం దగ్గరికి పోయాడు. ఆపుదామని వెనకే పోయాను గాని, అప్పటికే అడిగేశాడు. ఆ పిల్లవాడి గురించి తాతయ్య ఒక్క మాట అనగా మేమెవరం వినలేదు. కోప్పడతాడనుకున్నాను. తాతయ్య లేచి కూర్చున్నాడు. కండువా పక్కన పెట్టాడు.

"ఇంతుండేవాడురా," అని రెండు చేతులూ ఎడంగా పట్టి చూపించాడు.

సరిగ్గా రాలేదనిపించిందేమో, కాస్త దగ్గరికి జరిపాడు. ఆ చేతుల మధ్య ఉన్న ఖాళీ వైపు చూస్తూ, వాటిని దించకుండా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.