పట్టుగుడ్డ మీద సారంగి

నలభై ఏళ్లు వచ్చేదాకా నాకు ఏ పాట ఇష్టమో నాకే తెలియదు. ఎవరూ అడగలేదు, నన్ను నేనూ అడగలేదు. ఇంట్లో మా ఆయన పెట్టినవి విన్నాను, వీధిలో వినాయకుడి మండపం వాళ్లు పెట్టినవి విన్నాను, బస్సులో డ్రైవరు పెట్టినవి విన్నాను. పాట అంటే ఎవరో పెడితే చెవిలో పడేది అనుకునేదాన్ని. ఆ అనుకోవడం మార్చింది రేడియోలో మాట్లాడే ఒకామె. ఆమె ముఖం నేను చూడలేదు, నేనెవరో ఆమెకు తెలియదు. అయినా ఆమెకొక దండం పెట్టాకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

నాచారంలో మా ఇంటి ముందుగదే నా కుట్టు షాపు. ఒక మిషను, ఒక కటింగ్ బల్ల, వచ్చినవాళ్లు కూర్చోవడానికి ఒక స్టూలు. ఫోన్లో పాటలు పెట్టుకుంటే ఐదు నిమిషాలకోసారి ఎవరో ఒకరు ఫోన్ చేసి "నా బ్లౌజు అయిందా" అని అడిగేవారు. పాట ఆగిపోయేది, నాకు ఒళ్లు మండేది. ఆ మంట ఇంట్లోవాళ్ల మీద పడుతోందని మా ఆయన చర్లపల్లిలో ఫ్యాక్టరీ డ్యూటీ దిగి వస్తూ ఒక చిన్న రేడియో కొనుక్కొచ్చాడు.

మధ్యాహ్నం రెండింటికి, ఇండస్ట్రియల్ ఏరియాలో షిఫ్టు సైరన్ మోగగానే ఆమె ప్రోగ్రాం మొదలయ్యేది. రోజుకు ఒకే ఒక్క కొత్త పాట. సినిమా పాట కాదు. "ఐదు నిమిషాలు చేతిలో పని పక్కన పెట్టి వినండి, నచ్చకపోతే నన్ను తిట్టుకోండి" అనేది. మొదటి వారం నేను శుభ్రంగా తిట్టుకున్నాను. ఆమెకేం, ఏసీ గదిలో కూర్చుని ఎన్నైనా చెబుతుంది. ఇక్కడ ఆదివారం పెళ్లికి పదకొండు బ్లౌజులు నా నెత్తి మీద ఉన్నాయి. స్టేషన్ మార్చాలంటే మిషను ముందు నుంచి లేవాలి, లేవడానికి బద్ధకం. నిజం చెప్పాలంటే ఆ బద్ధకమే నాకు మేలు చేసింది.

ఒకరోజు ఒక ముసలమ్మ గొంతు వచ్చింది. వెనక వాయిద్యం ఏమీ లేదు, తిరగలి గరగర మాత్రమే. పిండి విసురుతూ ఆడవాళ్లు దక్కనీ ఉర్దూలో పాడుకునే పాటలట అవి. నాకు సగం మాటలే అర్థమయ్యాయి. కూతురి గురించి, కూరలో ఉప్పు గురించి, దేవుడి గురించి అంతా ఒకే వరసలో చెబుతోంది. మధ్యలో ఊపిరి అందక ఆగింది, కాస్త దగ్గింది, మళ్లీ అక్కడినుంచే అందుకుంది. పెడల్ మీద నా కాలు ఆగిపోయింది. పాట అయిపోయాక కూడా మిషను తొక్కబుద్ధి కాలేదు. ఇది మా ఆయనదీ కాదు, మండపం వాళ్లదీ కాదు, ఇది నా పాట అనిపించింది. నలభై ఏళ్లకు మొదటిసారి అలా అనిపించినందుకు సంతోషంతోపాటు కాస్త సిగ్గు కూడా వేసింది.

మళ్లీ వినాలంటే పేరు కావాలి. రేడియోలో పేరు ఒక్కసారే చెబుతారు. నా చేతిలో ఎప్పుడూ ఉండేది గుడ్డ మీద కొలతలు గీసే చాక్. పెన్ను వెతికేలోపు పేరు జారిపోతుందని, చేతికందిన లైనింగ్ ముక్క మీద చాక్‌తోనే రాసేదాన్ని. పేరు అందకపోతే తోచింది రాసేదాన్ని. సాయంత్రం మా అమ్మాయి కాలేజీ నుంచి రాగానే ఆ ముక్కలు చేతిలో పెడితే ఫోన్లో వెతికేది. ఒక ముక్క మీద "ఇద్దరన్నదమ్ములు, కుండ, మస్తున్నది" అని ఉంది.

"అమ్మా, గిట్ల రాస్తే ఎట్ల దొరుకుతది? పేరు రాయాలె" అంది.

"నాకు గంతే అందింది బిడ్డా. జర సూడు, దొరుకుతది" అన్నాను.

దొరికింది కూడా. అలా ఒక ఏడాదిలో నాకంటూ కొన్ని పాటలు పోగయ్యాయి. ఘటం వాయించే అన్నదమ్ములు, ఎడారి ప్రాంతం పాటలు పాడే బొంగురు గొంతు మనిషి, గిటారు పట్టుకుని సొంతంగా తెలుగు పాటలు కట్టే ఒక పిల్ల. ఆ పిల్ల పాటలో ఉప్పల్ మెట్రో మెట్లు ఎక్కుతూ ఆయాసపడటం కూడా ఉంటుంది. అది వచ్చినప్పుడల్లా నాకు నవ్వొచ్చేది.

ఉప్పల్ నుంచి ఒక టీచరమ్మ ఆరేళ్లుగా నా దగ్గరే కుట్టించుకుంటోంది. గోదావరి వైపు మనిషి, మాట మెత్తన, చూపు గట్టి. కూతురి పెళ్లి బ్లౌజు నాకే ఇచ్చింది. గంధం రంగు పట్టు, చీరా బ్లౌజూ ఒకే రంగు. వీపు పూర్తిగా మూసి ఉండాలని పెళ్లికూతురు మరీ మరీ చెప్పింది. పట్టు మీద మామూలు చాక్ నిలవదని మైనం చాక్ తీసుకుని వెనక భాగం గీసి, కత్తిరిస్తున్నాను. అప్పుడు రేడియోలో సారంగి మొదలైంది.

కమానుతో లాగి వాయించే ఆ వాయిద్యం పేరు నేను అంతకుముందు విననే లేదు. మనిషి గొంతేమో అనుకున్నాను. కళ్లు మూసుకున్నాను. రేడియో ఆమె వాయిద్యం పేరు చెప్పగానే తడుముకుని పక్కనున్న ముక్క మీద "సారంగి" అని పెద్ద అక్షరాలతో రాసి, మళ్లీ కళ్లు మూసుకున్నాను. బల్ల మీద లైనింగూ గంధం రంగే, పట్టూ గంధం రంగే. రెండూ కలిపి కుట్టే ముందు ఇస్త్రీ చేయడం నా అలవాటు. చేశాను. గుడ్డ తిప్పి చూస్తే పట్టు మీద, సరిగ్గా వీపు నడుమ, నూనె మరకలా సారంగి అని కనిపిస్తోంది. మైనం వేడికి కరిగి దారంలోకి దిగిపోయింది.

పౌడరు చల్లాను, కాగితం పెట్టి సన్నని వేడితో ఇస్త్రీ చేశాను. కాస్త తగ్గింది కానీ వెలుగులో పెడితే చదవగలిగేంత మిగిలింది. పెళ్లి నాలుగు రోజుల్లో ఉంది.

సాయంత్రం మా ఆయన చూసి, "పని జేసుకుంట వింటవని తెచ్చిన. గుడ్డల మీద రాస్తవని గాదు. గా డబ్బ బంద్ వెట్టు" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, అందుకే నాకు కోపం ఇంకా ఎక్కువైంది. రేడియోను తీసి గుడ్డముక్కల సంచిలో కుక్కేశాను. ఈ వయసులో నాకు పాటలేంటి అని నన్ను నేనే తిట్టుకున్నాను.

తప్పించుకునే దారి లేకపోలేదు. వెనక మెడ లోతుగా కత్తిరిస్తే ఆ మాట ఉన్న గుడ్డ మొత్తం పోతుంది. "ఇప్పుడందరూ ఇట్లనే కుట్టించుకుంటున్నరు మేడం, లోతు మెడ అనుకున్న" అని అబద్ధం ఆడితే సరి. ఒకరోజంతా కత్తెర పట్టుకుని ఆలోచించాను. ఆ పెళ్లికూతురు నా ఎదుట నిలబడి వీపు మీద చేయి పెట్టుకుని చూపించిన తీరు కళ్లముందు నుంచి పోలేదు. మర్నాడు పొద్దున్నే ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. చీర కూడా తీసుకురమ్మన్నాను.

టీచరమ్మ మధ్యాహ్నం ఆటోలో వచ్చింది. గుడ్డను గుమ్మం దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో పెట్టి చదివింది.

"ఏంటండీ ఇది? ఆరేళ్లుగా మిమ్మల్ని నమ్ముకుని వస్తున్నాను. పిల్ల పెళ్లి బ్లౌజు మీద పాటల పేర్లు రాసుకుంటారా?"

"తప్పయింది మేడం. చీర లోపలి చెంగు ఉంటది గదా, నడుముల దోపుకునేది. అందులకెల్లి మూరెడు గుడ్డ దీస్తే కొత్త వీపు కుడుత. పాప సన్నగ ఉంటది, ఒక కుచ్చి తగ్గుతది, అంతే. ఎవ్వరికి కనవడది."

ఆమె చీర సంచిని ఒళ్లో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. బ్లౌజు గుడ్డ పాడుచేసిన మనిషికి పెళ్లిచీర మీద కత్తెర పెట్టనివ్వమంటే ఎవరిస్తారు? నేనైతే ఇవ్వను. ఆమె లేచి వెళ్లిపోతే ఇక రేడియోనే కాదు, మిషను కూడా ముట్టుకోలేనేమో అని భయమేసింది. చివరికి సంచిలోంచి చీర తీసి బల్ల మీద పెట్టింది.

"నేనిక్కడే కూర్చుంటాను. నా ముందే కోయండి" అంది.

కొలత గీశాను. ఈసారి మైనం కాదు, సూదితో దారం కుట్టి గుర్తు పెట్టాను. కత్తెర తీసుకున్నాను గానీ గుడ్డ మీద పెట్టలేకపోయాను. రెండుసార్లు తెరిచి మూశాను. గడియారం ముల్లు రెండు దాటింది.

"మీకు రోజూ ఈ టైముకి రేడియో ఉంటుందిగా, ఎక్కడుంది?" అంది టీచరమ్మ.

"తీసేసిన మేడం."

"పెట్టండి. ఇంత నిశ్శబ్దంలో మీరు కోస్తే నాకూ భయంగా ఉంది."

సంచిలోంచి తీసి పెట్టాను. రేడియో ఆమె గొంతు వినగానే నా భుజాలు దిగాయి. పాట మొదలైంది, కత్తెర కదిలింది. అంచు దాకా నూలు పట్టినట్టు తిన్నగా వచ్చింది. అంత శుభ్రంగా నేను అంతకుముందెప్పుడూ కోయలేదు.

"ఇవాళ్టిది నాకేం నచ్చలేదండీ" అంది టీచరమ్మ, పాట అయ్యాక.

"నాకు గూడ నచ్చలే మేడం" అన్నాను.

"మరి ఆ సారంగి?"

"అది ఎవరో నన్ను పేరు వెట్టి పిలిసినట్టుండె. గందుకే ఒళ్లు మర్సిన."

నేను వీపు జతచేసి కుట్టేదాకా ఆమె కూర్చుంది. గుడ్డ అటూ ఇటూ తిప్పి, అతుకులు వేలితో తడిమి చూసి, చీరతోపాటు మడిచి సంచిలో పెట్టుకుంది. వెళ్లిపోతుందనుకున్నాను. హ్యాండ్‌బ్యాగ్ తెరిచి మెరూన్ రంగు బ్లౌజు పీసు ఒకటి తీసి నా బల్ల మీద పెట్టింది.

"ఇది నాది, పెళ్లికే. పొద్దున మీ ఫోన్ వచ్చాక దీన్ని లాలాపేటలో వేరే టైలరుకి ఇద్దామని బయల్దేరాను. రేపటికి అవుతుందా?"

అవుతుందని చెప్పబోయాను. ఆమె ముందే ఏడ్చేశాను.

"కాస్త పక్కకి తిరిగి ఏడవండి, అది కూడా పట్టే" అంది టీచరమ్మ.

గుడ్డను దూరంగా జరిపి, మళ్లీ ఏడ్చాను.