ఎద్దుల్ని కదిలించే చప్పుడు

మా చిన్నప్పుడు... వత్సవాయిలో మా నాన్న బండి కడితే చెర్నాకోల చూరులోనే ఉండిపోయేది. నాలుకని ఒక పక్క దవడ పళ్లకి ఆనించి లటుక్కున లాగేవాడు. 'ట్లక్' మని చప్పుడు... అంతే, ఎద్దులు రెండూ కదిలేవి.

సరిగ్గా రాద్దామంటే ఆ చప్పుడుకి మన అక్షరాల్లో చోటు లేదు. బడికి వెళ్తూ వస్తూ సాధన చేసి, ఓ వేసవి సెలవుల్లో నేనూ పట్టేశాను. "ఆడపిల్లవి, ఆ చప్పుళ్లేంటే?" అని అమ్మ తిట్టేది. ఎద్దులు మాత్రం నాకూ కదిలేవి. ఎంత గర్వమో నాకు...

తొంభైల చివర్లో ఊరంతా ట్రాక్టర్లు వచ్చాయి. నాన్న ఎద్దుల్ని అమ్మేశాడు. కొన్నవాళ్లు సేద్యానికే అన్నారు. నాన్న నమ్మాడు... నమ్మకపోతే ఉండలేడు కాబట్టి.

చిన్న లారీ తెచ్చి, ఎక్కడానికి చెక్క వేశారు. ఎద్దులు మొరాయించాయి. ముక్కుతాడు లాగారు, కర్రతో బాదారు. ఒకదాని ముక్కులోంచి రక్తం కారింది. నాన్న ముందుకెళ్లి నోరు తెరిచాడు... చప్పుడు రాలేదు.

నాకేసి తిరిగాడు. "అమ్మలూ, నువ్వన్నా అదిలించవే... లేపోతే కొట్టి చంపేట్టున్నారు."

నాకప్పుడు తొమ్మిదేళ్లు. చేస్తే వెళ్లిపోతాయి. చెయ్యకపోతే దెబ్బలు తింటాయి. కర్ర మళ్లీ లేచింది... చేశాను.

వెనక్కి చూడకుండా ఎక్కేశాయి. నన్ను నమ్మి ఎక్కాయి. లారీ చిల్లకల్లు వైపు వెళ్లిపోయింది.

ఆ పూట నాన్న అన్నం ముట్టలేదు. "నీ తప్పేం లేదమ్మా" అన్నాడు. అంటే తప్పు ఎవరిదో ఒకరిది ఉన్నట్టే కదా... అనుకున్నాను.

ఇప్పుడు నందిగామలో టీచర్ని. మొన్న క్లాసులో ఒక వీడియో చూపించాను. దక్షిణాఫ్రికా వైపు కొన్ని భాషల్లో అచ్చంగా ఆ చప్పుడే ఒక హల్లట, మనకి క, చ, ట ఉన్నట్టు. అందులో ఒక తల్లి, ఆ హల్లున్న పేరుతో బిడ్డని పిలుస్తోంది. బిడ్డ పరుగెత్తుకుంటూ వచ్చి ఒళ్లో వాలింది. పిల్లలంతా నవ్వుతూ ప్రయత్నించారు, ఒక్కరికీ రాలేదు.

"మీరు చెయ్యండి టీచర్!" అన్నారు. నాకు రాదని అబద్ధం చెప్పాను.

మా ఊళ్లో ఇప్పుడు ఆ చప్పుడు చేసేవాళ్లూ లేరు, వినడానికి ఎద్దులూ లేవు. మీ ఇళ్లల్లో ఎద్దుల్ని ఎలా అదిలించేవాళ్లు? మీకింకా నోటికి వస్తుంటే మీ పిల్లలకి నేర్పండి... నా వల్ల కావట్లేదు.