మునిలక్ష్మికి తెలియని డ్రమ్ము

కోలారు జిల్లా శ్రీనివాసపురం మామిడి మండీలో మునిలక్ష్మిని చేతులు చూసే గుర్తుపట్టొచ్చు. వేళ్ల కొసల్లో తోలు ఊడిపోయి ఉంటుంది. పచ్చికాయల మధ్య కార్బైడ్ పొట్లాలు దూర్చి రెండు రోజుల్లో మాగబెట్టడం పద్దెనిమిదేళ్లుగా ఆమె పని. ఆ మందు వాడకూడదని చట్టం. తడి తగిలితే దాంట్లోంచి మండే గ్యాసు పుడుతుందని ఆమెకు బాగా తెలుసు. చెమట చేతులతో ముట్టుకుని ఎన్నోసార్లు కాల్చుకుంది.

యజమాని అంబరీష్ నేర్పిన పాఠం ఒకటే. సర్కారు మనిషి ఎవరొచ్చినా "నాకేం తెలీదప్పా" అనాలి. తనిఖీకి వచ్చినవాళ్లు రెండుసార్లు ఆమె అమాయకపు మొహం చూసి తిరిగిపోయారు. ఈ కథ చెప్తున్న నాకు ఒళ్లు మండేది అక్కడే. గట్టెక్కించిన అబద్ధాన్ని మనిషి ఒక పట్టాన వదలడు.

మే నెలలో ఒక మధ్యాహ్నం గోడౌన్‌లో గడ్డి అంటుకుంది. ఫైరింజన్ వచ్చింది. పెళ్లై ఏడాదైనా కాని ఫైర్‌మ్యాన్ వసంత్ పైపు పట్టుకుని వాకిట్లో ఆగాడు.

"లోపల ఏముండాది?"

"కాయలు, గడ్డి. ఇంగేం లేదు," అన్నాడు అంబరీష్.

వసంత్‌కు నమ్మకం కుదరలేదు. మునిలక్ష్మి వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. మందు డ్రమ్ములేమన్నా ఉండాయా? నీళ్లు కొట్టొచ్చునా?"

వెనక గోడ దగ్గరి కార్బైడ్ డ్రమ్ము మూత పొద్దున తీసింది ఆమే. మళ్లీ పెట్టలేదు. అంబరీష్ ఆమెనే చూస్తున్నాడు.

"నాకేం తెలీదప్పా."

అలవాటైన మాట, దానంతట అదే వచ్చేసింది. వసంత్ తలూపి లోపలికి పోయాడు. నీళ్ల చప్పుడు వినబడింది. "వద్దప్పా, వచ్చేయ్" అని ఆమె అరిచేసరికి గోడౌన్ పైకప్పు లేచిపోయింది.

వసంత్ బతికాడు. కళ్లు రెండూ పోయాయి.

డ్యూటీలో ఉన్న ఫైర్ సిబ్బందిని తెలిసి తెలిసి ప్రమాదంలోకి తోశాడని అంబరీష్ మీద కేసు పడింది. కోలారు కోర్టు మెట్ల మీద అతని లాయరు మునిలక్ష్మిని పక్కకు పిలిచాడు.

"డ్రమ్ము సంగతి తెలుసన్నావంటే నువ్వూ జైలుకే పోతావు. ఎప్పుడూ చెప్పేదే చెప్పమ్మా. ఇద్దరూ బయటపడతారు."

ఆమె బోనెక్కింది. గోడౌన్‌లో కార్బైడ్ ఉన్నట్టు తెలుసా అని సర్కారు లాయరు అడిగాడు. ఆమె గొంతు సవరించుకుంది. ముందు బెంచీలో నల్లద్దాలతో కూర్చున్న వసంత్ ఆ చిన్న దగ్గుకే ఆమెను పోల్చుకుని తల ఇటు తిప్పాడు.

పద్దెనిమిదేళ్ల మాట నాలుక మీదే ఉంది. దాన్ని మింగేసింది.

"తెలుసప్పా," అంది వసంత్ వైపే చూస్తూ. "మూత తీసింది నేనే."