నేను మానమన్న మాత్రలు

నా నడుం నొప్పి యోగాతో తగ్గిందని గల్ఫ్‌లో మేముండే అల్ హిలాల్ పేటలో మావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. తగ్గలేదు. డాక్టరు రాసిచ్చిన మత్తు కలిసిన నొప్పి మాత్ర ఇంట్లో వేసుకుని, మావాళ్లకు యోగా నేర్పే పార్కుకు వచ్చేవాణ్ణి. దాని బలంతోనే ప్రతి శుక్రవారం మోకాళ్లు వంచకుండా పాదాలు అందుకుని అందరికీ చూపించేవాణ్ణి. సంగతి తెలిస్తే మత్తుకు అలవాటు పడ్డాడంటారని భయం. ఎవరడిగినా "మందులా? అబ్బే!" అనేవాణ్ణి.

అదే నొప్పితో, అవే మాత్రలు వాడుతూ నిజామాబాద్ మిత్రుడొకతను మాతో చేరాడు. గోడౌన్ సూపర్‌వైజరు. ఒక శుక్రవారం చెప్పులు వేసుకుంటుంటే పక్కకొచ్చి అడిగాడు.

"గోలీలు బంద్ చేయాల్నా అన్నా?"

"అవతల పారెయ్," అన్నాను.

ఆ వారం మధ్యలో ఆఫీసులో ఉండగా ఫోన్ చేశాడు. "ఒళ్లంత చెమటలన్నా. కాళ్లు ఒక్క తీరుగ గుంజుతున్నయ్. కూసోనిస్తలేవు, పండనిస్తలేవు. డ్యూటీకి గూడ పోలే."

అదేమిటో నాకు తెలుసు. ఒకసారి నా మాత్రలు అయిపోయి, డాక్టరు మళ్లీ రాసిచ్చేలోపు నేనూ ఇల్లంతా అలాగే తిరిగాను. తెలిసి కూడా "శవాసనం వెయ్యి," అన్నాను.

ఫోన్ పెట్టేశాక కుదురుగా ఉండలేకపోయాను. లేచాను, కూర్చున్నాను, నీళ్లు తాగాను, మళ్లీ లేచాను. చివరికి పర్మిషన్ పెట్టి కారు తీశాను. తలుపు తీసిన అతని ముఖం చూడగానే అంతా చెప్పేశాను.

అతను గోడకు ఆనుకుని నవ్వాడు. "అంటే, ఇన్ని శుక్రవారాలు మమ్ముల వంచింది నువ్వా, గోలీయా? సరే ఉస్తాద్, జేబుల ఉంటది గద, ఒకటియ్యి."

నా చెయ్యి జేబు మీదికి పోయింది, దాచుకోవడానికి. ఒకరి మందు ఇంకొకరికి ఇవ్వకూడదన్న బుద్ధితో కాదు, నాకు ఒకటి తక్కువ పడుతుందని. "యల్లా, పద, డాక్టర్ దగ్గరికి పోదాం," అన్నాను.

ఇలాంటి మాత్రలు ఉన్నట్టుండి ఆపకూడదనీ, తను చెప్పినట్టు మెల్లగా తగ్గించాలనీ డాక్టరు కోప్పడ్డాడు. ఎవరు మానమన్నారని అడిగాడు. ఎవరూ అనలేదు, నేనే మానేశానని మిత్రుడు హిందీలో చెప్పాడు, నా వైపు చూడకుండా.

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను.

మొండివాడని, డాక్టర్ మాట లెక్కచేయడని వాళ్లావిడ ఇప్పటికీ అతన్ని దెప్పుతుంది. నా ఎదుట కూడా అంది. అతను తలవంచుకుని టీ తాగాడు. అమ్మా, మీ ఆయన తనంతట తాను మానలేదు. మానమన్నది నేను.