గుండీల పీట

మా చిన్నది గుండీలు పెట్టుకోవడం నేర్చుకునే దాకా నాకు ఇంట్లో అందరి చేతుల మీదా కోపమే.

అప్పుడు శామీర్‌పేటలో ఉండేవాళ్లం. మా ఆయనది కోళ్లఫారంలో పని. నేను ఇంట్లో దర్జీకి కాజాలు కుట్టేదాన్ని. పిల్లకు ఏడేళ్లు. మాటా, నడకా, చేతిపనీ అన్నీ ఆలస్యమే. ఇలాంటి పిల్లలకు మేడ్చల్‌లో బడి పెట్టారంటే తీసుకుపోయాను. అంతమందికీ ఆయా ఒక్కతేనట. పిల్ల తన చొక్కా గుండీలు తనే పెట్టుకోగలిగితే చేర్చుకుంటామని టీచరమ్మ చెప్పింది.

మా ఆయన పాత ఖాకీ చొక్కా ముందుభాగం కోసి, పీట మీద పరిచి మేకులు కొట్టాను. కోటుకు కుట్టే పెద్ద గుండీలు నాలుగు దర్జీని అడిగి తెచ్చాను. కాజాలు వెడల్పు చేసి, కంటికి ఆనేటట్టు చుట్టూ ఎర్రదారం కుట్టాను. గుండీ సగం నేను దూర్చాలి, మిగతా సగం పిల్ల లాగాలి.

మా అత్త సాగనిస్తే కదా. పిల్ల వేళ్లు కాజా కోసం వెతుక్కుంటుంటే ఆమె ప్రాణం ఆగేది కాదు. టక్కున తనే దూర్చేసేది.

“బిడ్డ తిప్పల వడుతుంటే సూస్కుంట కూసోవాల్నానే?”

“అన్ని నువ్వే జేస్తె అదెప్పుడు నేర్సుకుంటది అత్తా? బడికి నువ్వు వోతవా?”

ఆమె చేతులకు పని ఉండాలని చిక్కుడుకాయలు తెచ్చి ఒళ్లో పోశాను. కాయలు తుంచుతూనే ఒక చెయ్యి గుండీ వైపు చాచేది.

రెండు నెలలకు పిల్ల పీట మీద నాలుగూ పెట్టింది. సంబరంగా చొక్కా తొడిగాను. ఒక్కటీ రాలేదు. చేతులు అటూ ఇటూ పాకి ఆగిపోయాయి. మర్నాడు మా ఆయన చొక్కా వేసుకుని చాయ్ తాగుతుంటే, ఎదురుగా నిలబడి ఆయన గుండీలన్నీ చకచకా పెట్టేసింది. ఆయన మురిసిపోయాడు. అప్పటినుంచి రోజూ గుండీలు విప్పుకునే కూర్చునేవాడు. నాకేమో తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పీట ఎదురుగా పెట్టి నేర్పితే ఎదుటివాళ్లకు పెట్టడమే వచ్చింది. తన ఒంటి మీద కుడి ఎడమవుతుంది, పైది కిందవుతుంది. ఇన్నేళ్లు కాజాలు కుట్టినదాన్ని, నాకు ఆ మాత్రం తట్టలేదు.

పీట మీది గుడ్డ ఊడదీసి, తాళ్లు కుట్టి, పిల్ల మెడకూ నడుముకూ కట్టాను. మళ్లీ మొదటి గుండీ నుంచి.

“గుర్రానికి జీను గట్టినట్టు గిదేందే?” అంది అత్త.

నేను తాడు ముడి బిగించాను. మాట్లాడితే ఆ పూట గుండీలు సాగవు.

వానలు పడ్డాక ముగ్గురం మేడ్చల్ పోయాం. టీచరమ్మ ముందు పిల్ల తలవంచి మొదలుపెట్టింది. ఒకటి, రెండు. మూడో గుండీ పోయి నాలుగో కాజాలో దూరింది. అత్త కుర్చీలోంచి లేచింది. గాజులతో సహా ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాను.

టీచరమ్మ ఆ వంకర చొక్కా చూసి రిజిస్టరు తెరిచింది. “సోమవారం నుంచి తీసుకురండమ్మా” అంది.

బస్సులో అత్త గొణుగుతూనే ఉంది. “ఒక్కటే గదనే, సరి జేస్త. నలుగురు సూస్తున్నరు.”

“సూడనియ్యి. అది పెట్టుకున్నది. ముట్టినవంటె ఊకోను.”

చొక్కా ఒక పక్క పైకి లేచి, ఒక పక్క కిందికి జారి అలాగే ఉంది. పిల్ల కిటికీలోంచి చూస్తోంది. శామీర్‌పేటలో దిగేదాకా అత్త చేతులు రెండూ నా చేతుల్లోనే ఉన్నాయి.