మూడు గడలు వేసిన ఇల్లు

బూ ఇన్‌సెంగ్ అవ్వకు కోపం ముక్కు మీదే ఉంటుంది. క్యారెట్ పొలంలో ఆమె పక్క సాలు పట్టడానికి కూలికొచ్చిన ఆడవాళ్ళు వెనకాడతారు. గడ్డ విరిస్తే తిడుతుంది. విరగకుండా నిదానంగా లాగితే ఇంకా తిడుతుంది. భర్త పోయాక కూడా ఆ పొలం వదల్లేదు, మోకాళ్ళు సహకరించకపోతే కూర్చునే జరుగుతూ చేస్తుంది. సందు మొదట్లో నా కొట్టు ఉంది కాబట్టి ఆమె గొంతు వినని రోజు లేదు.

ఈ మధ్య ఆ గొంతంతా కార్లకే ఖర్చవుతోంది. అవ్వ ఇంటి వెనక పాత రాతి కొట్టంలో ఎవరో కాఫీ హోటల్ పెట్టారు. కిటికీలోంచి సముద్రం కనబడుతుందట. సముద్రం కనబడటం మాకేమీ వింత కాదు గానీ, సియోల్‌లో విమానం ఎక్కి వచ్చి, అద్దె కార్లు తీసుకుని జనం దిగబడ్డారు. సందులో బండి నిలిపే చోటు లేదు. అవ్వ వాకిలి విశాలంగా ఉంటుంది.

మా జేజు దీవిలో పాత ఇళ్ళకు గేట్లుండవు. వాకిలికి రెండు పక్కలా రంధ్రాలున్న రాతి స్తంభాలు, వాటిలోకి అడ్డంగా తోసే మూడు గడలు, అంతే. ఒక గడ వేసి ఉంటే మనిషి దగ్గర్లోనే ఉన్నట్టు. రెండుంటే పొద్దుగూకేసరికి వస్తుందని. మూడూ వేస్తే ఊళ్ళోనే లేదని. మిగతా ఊళ్ళలో ఇవి అలంకారానికి మిగిలాయి, మా సందులో ఇంకా వాడుతున్నాం. గడలన్నీ కింద ఉంటే ఇంట్లో మనిషి ఉందని మాకు అర్థం. చోటు ఖాళీగా ఉందని అద్దె కార్ల వాళ్ళకు అర్థం.

"ఒక్క కాఫీ తాగి వచ్చేస్తా అవ్వా!" అన్నాడు ఒకసారి నల్ల కళ్ళజోడు మనిషి.

"నేనూ నా ట్రాక్టరు తెచ్చి నీ పడగ్గదిలో పెడతా నాయనా. ఒక్క కాఫీ తాగొచ్చి తీసేస్తాలే."

అతను పగలబడి నవ్వి, ఆమెను ఫొటో తీసుకుని మరీ వెళ్ళాడు.

ఇవన్నీ ఎలాగో సాగాయి. అసలు దెబ్బ కిందటేడు ఆమె భర్త తద్దినం నాడు తగిలింది. మా దగ్గర తద్దినానికి ఎవరూ పిలవరు. రోజు అందరికీ తెలుసు, ఎవరికి వాళ్ళు రొట్టె కొనుక్కుని వచ్చి, తిని, పోయినాయన గురించి నాలుగు మాటలు చెప్పుకుని వెళ్తారు. పిలిస్తే అడుక్కున్నట్టు ఉంటుంది. ఆ రోజు ఎవరో పొడుగాటి కారు వాకిట్లో అడ్డంగా పెట్టి సముద్రానికి పోయారు. వచ్చినవాళ్ళు గోడకు ఒళ్ళు రాసుకుంటూ లోపలికెళ్ళారు. అవ్వకు తల కొట్టేసినట్టయింది.

"వచ్చే ఏడు సిటీలో మా అపార్ట్‌మెంట్లో పెడదాం వదినా," అన్నాడు మరిది.

"మీ అన్నకు లిఫ్టు నొక్కడం రాదు. కిందే నిలబడిపోతాడు," అంది అవ్వ.

ఈ ఏడు ఆ మరిది మోకాలి ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాడు. తద్దినం రోజు పొద్దున్నే అవ్వ కార్ల సంగతే ఆలోచించి మూడు గడలూ అడ్డంగా తోసేసింది. వచ్చేవాళ్ళకు వాకిలి ఖాళీగా ఉండాలని. కార్లు వచ్చాయి, గడలు చూసి వెనక్కి తిరిగాయి. అవ్వ హాయిగా వెనక వంటింట్లో కూర్చుని గోధుమరంగు అట్లు పోసి వాటిలో ముల్లంగి కూర పెట్టి చుట్టింది, పంది మాంసం పుల్లలకు గుచ్చి కాల్చింది, చేప వేయించింది. పొద్దుగూకింది. ఒక్కరూ రాలేదు.

నా కొట్టు దగ్గర జనం గడలు చూసి తలలూపారు. "మరిది కదల్లేడుగా, ఈవిడే సిటీకి పోయి ఉంటుంది." రొట్టెలు ఎవరింటికి వాళ్ళు పట్టుకెళ్ళారు. అవ్వ బయటికి వచ్చి చూడలేదు, ఫోన్ చేయలేదు. అంత వంటనూ ముందు పెట్టుకుని ఒక్కతే భర్తకు దండం పెట్టుకుంది.

మర్నాడు పొద్దున కొట్టుకొచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి.

"నా నోరు మంచిది కాదు, తెలుసు. దానికి నన్ను తిట్టండి. ఆయన మీకేం చేశాడే?"

"నువ్వెప్పుడొచ్చావ్ అవ్వా సిటీ నుంచి?"

"సిటీ ఏంటే?"

"మూడు గడలూ వేసి ఉంటే ఊళ్ళో లేవనుకున్నాం. రొట్టె కూడా కొన్నా నీకోసం."

అవ్వ స్టూలు మీద కూలబడింది. ఊరు తనను వెలివేయలేదని తెలిసి తేలికపడుతుందనుకున్నాను. ఆమె మొహం ఇంకా పాలిపోయింది.

"అయితే ఆయన కూడా చూసుంటాడే," అంది. "ఒక్క గడ ఉన్నా ఎవరి గడపా తొక్కని మనిషి. మూడూ చూసి, ఇది ఇంట్లో లేదులే అని వెనక్కి పోయుంటాడు. తినకుండా."

నాకు ఆమెను చూసి ఏడుపొచ్చింది.

ఆ రోజే మళ్ళీ పొయ్యి వెలిగించింది. దాటిపోయిన తద్దినం మర్నాడు పెట్టడం ఏ పద్ధతీ కాదు, అయినా సందులో ఎవరూ ఆ మాట అనలేదు. రొట్టెలు పట్టుకుని అందరం వెళ్ళాం. గడలు మూడూ పెరటి గోడకు ఆనించి ఉన్నాయి. వాకిట్లో అప్పటికే ఒక తెల్ల అద్దె కారు దర్జాగా నిలబడి ఉంది. నేను కోపంతో కాఫీ హోటల్ వైపు బయల్దేరితే అవ్వ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండనీవే. సన్నటి మనిషి, పక్కనుంచి వస్తాడు."