ఒత్తు తెగిన పత్తి

కోపం వస్తే తబస్సుమ్ గాజులను మోచేతి దాకా నెట్టుకుంటుంది. ఆ రోజు అవి పొద్దుటి నుంచీ కిందికి దిగలేదు. ఎనుమాముల మార్కెట్‌లో పత్తి కొనే సదానందం సేటు వెబ్‌సైట్‌కు ఆమె ఒక ప్లగిన్, అంటే సైట్‌కు తగిలించే చిన్న ప్రోగ్రామ్, చేసిచ్చింది. రోజూ ధరలు మార్చుకునే సెట్టింగ్స్ పేజీ ఒద్దికగా కనబడాలని గళ్ల ఎత్తు బాగా తగ్గించింది. సేటు ఫోన్ చేశాడు. "పతి ధర అని రాసినవేంది బిడ్డా? మార్కెట్ల మొగోళ్లను గూడ అమ్ముతాండ్రా?" "పత్తి అనే కొట్టిన సేటూ! డబ్బా చిన్నగయ్యి కింది ఒత్తు తెగింది. జర ఆగుండ్రి."

గడి ఎత్తు పెంచితే సేవ్ బటన్ పక్క వరుసలోకి జారిపోయింది. బటన్‌ను లాక్కొస్తే గళ్లన్నీ వంకరపోయాయి. టీ మీద మీగడ కట్టినా ముట్టకుండా, స్క్రీన్‌ను తిడుతూ ఒక్కో గడినీ సవరించింది. చివరికి పత్తికి ఒత్తు దక్కింది. "ఇప్పుడు మంచిగుంది బిడ్డా" అన్నాడు సేటు. హమ్మయ్య అనుకుని గాజులు కిందికి దించుకుంటూ పేజీ అడుగుకు వెళ్లింది. తయారుచేసినవారి పేరుండే సన్నటి పట్టీలో ఆమె పేరు కనబడింది: తబసుమ్.

గాజులు మళ్లీ మోచేతికెక్కాయి.